పలకని పెట్టె

మా కొండల్లో పోడు కాల్చే రోజుల్లో గద్దలు వస్తాయి. మంట ముందు పరుగెత్తే మిడతల కోసం దిగుతాయి. కడుపు నిండాక రెక్క కొట్టకుండానే గుండ్రంగా తిరుగుతూ పైకి పోయి చుక్కంత అయిపోతాయి. మేం ముగ్గురం. అన్నదమ్ముల పిల్లలం ఇద్దరం, మాకు బావ వరసయ్యేవాడు ఒకడు. మేకల వెనక తిరుగుతూ ఆ గద్దల్నే చూసేవాళ్ళం. "గాలికి మెట్లుంటాయిరా. ఆటికి కనపడతాయి, మనకి కనపడవు" అనేవాడు పెదనాన్న. ఆ మెట్లను థర్మల్ అంటారనీ, ఎండకు కాగిన నేల మీది గాలి తేలికై పైకి లేవడమే అదనీ మాకు ఇరవయ్యేళ్ళు దాటాక గాని తెలీలేదు.

2019 జనవరిలో అరకు లోయలో బెలూన్ల పండగ జరిగినప్పుడు కూలికి వెళ్ళాం. తాళ్ళు పట్టుకోవడం, దిగిన బెలూన్ గుడ్డని మడిచి సంచిలో కుక్కడం మా పని. తెల్లారకముందే చలిలో మంట వేసుకుని కూచునేవాళ్ళం. అక్కడ పనికొచ్చిన హిమాచల్ కుర్రాడొకడు కొండ మీద తిరిగే గద్దని చూపించి, మా ఊళ్ళో మనుషులు అలా ఎగురుతారన్నాడు. మేం నమ్మలేదు. ఆ ఏడు వానలు తగ్గాక, రాజ్‌మా అమ్మిన డబ్బులు పట్టుకుని రైలెక్కాం.

బీర్ అనేది కాంగ్రా జిల్లాలో ఊరు. దాని మీద కొండ బిల్లింగ్, 2,400 మీటర్ల ఎత్తు. అక్కడ గుడ్డ రెక్క పరిచి పరుగెత్తితే గాలి లేపుతుంది. దిగేది దాదాపు వెయ్యి మీటర్ల కింద, బీర్ పక్కన పొలాల్లో. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీ అక్కడే జరిగింది. ఆ కొండల వెనకాల ధౌలాధార్ శ్రేణి. దాని మీద గొర్రెలు తోలే గద్దీ జనం మనలాగే షెడ్యూల్డు తెగ. నడుముకి బారెడు బారెడు ఉన్ని తాడు చుట్టుకుని, థమ్‌సర్ కనుమ దాటి బడా భంగాల్ దాకా మందల్ని తోలుకుపోతారు. భాష రాదు, చలి తట్టుకోలేం, అన్నం బదులు రొట్టె. అయినా మొదటి నెలలో ధైర్యం ఇచ్చింది వాళ్ళే. పేడ పిడకల పొగ, మేక పాల టీ, ఎవరి గొర్రె ఎటు పోయిందన్న గోల మాకు కొత్త కాదు కదా.

మొదటి రెండు సీజన్లు రెక్కలు మడిచాం, సంచులు మోశాం, వంటింట్లో గిన్నెలు తోమాం, ఖాళీ దొరికినప్పుడు నేర్చుకున్నాం. మధ్యలో కరోనా వచ్చి ఇంటికి తరిమింది. తిరిగి వెళ్ళాక పాత రెక్క ఒకటి కొన్నాం, ముగ్గురం వంతులేసుకుని ఎగిరేవాళ్ళం. ఇప్పుడు చెప్పబోయేది ఆ రోజుల్లో జరిగింది. ఆ రోజు రెక్క ఎవడి వంతో చెప్పం. ముగ్గురిలో ఎవడున్నా అదే చేసేవాడు.

ఎగిరేవాడి దగ్గర ఒక పెట్టె ఉండాలి. కనీసం వేరియో. గాలి ఒత్తిడి తగ్గుతోందంటే మనం లేస్తున్నామని దానికి తెలుస్తుంది, కీచు కీచుమంటుంది. దిగుతుంటే మూలుగుతుంది. మనిషి చెవికి, చర్మానికి తెలియని ఆ మెట్లని అది చెబుతుంది. ఇంకొంచెం పెద్ద పెట్టెలో జీపీఎస్ ఉంటుంది, పటం ఉంటుంది, ఎక్కడ ఎగరకూడదో గీతలు ఉంటాయి. అవి కొనే శక్తి మాకెక్కడిది? స్విట్జర్లాండ్ నుంచి ఏటా వచ్చే ఒక పెద్దాయన వెళ్ళిపోతూ తన పాతది మాకిచ్చాడు. అది అసలు పుస్తకాలు చదువుకునే కోబో. ఎక్స్‌సీసోర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఎగిరేవాళ్ళ పటంగా మారుతుంది. కాగితం లాంటి తెర కాబట్టి ఎండలో బాగా కనపడుతుంది. దాని వీపుకి చిన్న డబ్బా ఒకటి తగిలించి ఉంది, జీపీఎస్, ఒత్తిడి చూసేది ఆ డబ్బాయే. మేం దాన్ని దేవుడి పటంలా గుడ్డలో చుట్టి దాచుకున్నాం.

అక్టోబరు మధ్యాహ్నం. గాలి మంచిగా ఉంది. మావాడు బిల్లింగ్ మీద లేచి, కొండ అంచు పట్టుకుని పడమరగా ధర్మశాల వైపు పోయాడు. నలభై కిలోమీటర్లకు పైగా. మాలో ఎవరూ అంత దూరం పోలేదు అప్పటికి. పెట్టె తెర తెల్లగా ఉంది, ఎక్కడా గీత లేదు, హెచ్చరిక లేదు. ఆకాశం అంతా మనదే అనుకున్నాడు. ఇంకా ఎత్తు ఉంది కదా అని కొండ వదిలి లోయ మీదికి తిరిగాడు. కాసేపటికి తన కాళ్ళ కింద, కొంత దూరంలో, రెండు పంకాల విమానం ఒకటి కాంగ్రా విమానాశ్రయానికి దిగడానికి పోతూ కనపడింది. గగ్గల్ అంటారు ఆ చోటుని. ధర్మశాల నుంచి పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు.

విమానం దగ్గరికి రాలేదు, ఏమీ కాలేదు. కానీ విమానాన్ని పైనుంచి చూడటం మావాడికి అదే మొదలు. చేతులు వణికాయట. వెనక్కి తిరిగి కొండ పట్టుకుని, కోత కోసిన వరి మడిలో దిగాడు. రాత్రి రొట్టె ముట్టలేదు.

మర్నాడు మాకు నేర్పిన గురువు గారికి జరిగింది చెప్పాం. తిడతాడనుకున్నాం. "గగనతలం ఎక్కించారా?" అని మాత్రం అడిగాడు. ఎక్కించే ఉంది, ఫైలు పేరు కనిపిస్తోంది కదా అని చూపించాం. ఆయన పటాన్ని వేలితో జరుపుకుంటూ, జరుపుకుంటూ దేశాలు దాటించాడు. జూరిక్ మీద గీతలు. జెనీవా మీద గీతలు. ఆల్ప్స్ కొండల మీద ఒకదాని మీద ఒకటి అరలరలుగా గీతలు. మా పెట్టెలో ఉన్నది ఆ పెద్దాయన దేశపు ఆకాశం. హిందూస్థాన్ మీద దానికి ఒక్క మాట కూడా తెలీదు. తెలీదు కాబట్టి ఏమీ అనలేదు. ఏమీ అనలేదు కాబట్టి ఏమీ లేదని మేం అనుకున్నాం.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టకపోవడానికి విమానం ఒక్కటే కారణం కాదు. మా గూడెం కూడా పటాల మీద ఇలాగే ఉండేది. ఆఫీసు గోడకి వేలాడే పటంలో మా చోట పచ్చరంగు పూసి ఉంటుంది, పేరు ఉండదు. పేరు లేదు కాబట్టి మనుషులు లేరు, మనుషులు లేరు కాబట్టి అడిగేది ఎవర్ని అన్నట్టు ఎన్ని పనులు జరిగాయో మా పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. ఖాళీగా కనిపించే పటాన్ని నమ్మకూడదని పుట్టుకతో తెలిసినవాళ్ళం, పెట్టె చేతికి రాగానే నమ్మేశాం. అది మమ్మల్ని బాగా కుదిపింది.

తర్వాతి వారం రోజులు గాలి బాగాలేదు. గురువు గారు పాత కంప్యూటరొకటి ముందు పెట్టి, ఎక్కించడం నేర్పారు. మనవాళ్ళకి రేపు అవసరం పడొచ్చు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం.

గగనతల హద్దుల్ని మన దేశంలో అధికారికంగా ప్రకటించేది భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ, ఏఐపీ అనే గ్రంథంలో. దానికి మార్పులు ప్రపంచమంతా ఒప్పుకున్న 28 రోజుల లెక్కలో వస్తాయి. పున్నమి నుంచి పున్నమికంటే సుమారు ఒకటిన్నర రోజు తక్కువ. ఇవిగాక అప్పటికప్పుడు ఇచ్చే తాత్కాలిక ప్రకటనలున్నాయి, నోటామ్ అంటారు. అవి మన ఫైల్లోకి వాటంతటవి రావు. ఎగిరేవాళ్ళు ఆ గ్రంథం చూసి, పెట్టెకి అర్థమయ్యే రాతలోకి మార్చి ఒకరికొకరు పంచుకుంటారు. అంటే మన చేతికొచ్చే ఫైలు ఎవరో ఒక మనిషి కూచుని రాసింది. ఎప్పుడు రాశారో చూడకుండా ఎక్కించకూడదు.

ఆ రాత పేరు ఓపెన్ఎయిర్. గొప్ప రహస్యం ఏమీ లేదు, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదువుకోవచ్చు. ఒక్కో హద్దుకి కొన్ని వరుసలు. ఏసీ అంటే ఏ రకం, ఏఎన్ అంటే పేరు, ఏఎల్ అడుగు ఎత్తు, ఏహెచ్ పై ఎత్తు. గుండ్రని హద్దయితే వీ ఎక్స్ అని నడిబిందువు, డీసీ అని వ్యాసార్ధం. మూలలున్న హద్దయితే డీపీ, డీపీ అంటూ ఒక్కో మూలా. పొలానికి రాళ్ళు పాతినట్టే. వ్యాసార్ధం నాటికల్ మైళ్ళలో ఉంటుంది. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు. డీసీ 5 అని ఉంటే అయిదు కిలోమీటర్లు అనుకుంటే మునిగాం, తొమ్మిదికి పైనే. నిషిద్ధానికి పీ, నిర్బంధానికి ఆర్. ప్రమాదానికి ఇంగ్లీషు అక్షరం డీ ఉండాలి గదా, అది వేరే రకానికి ముందే ఇచ్చేశారు, అందుకని క్యూ పెట్టారు. దీనికి మేం చాలాసేపు నవ్వుకున్నాం. వరుస ముందు నక్షత్రం గుర్తు (*) పెడితే పెట్టె ఆ వరుసని చదవదు. అది మనుషులు మనుషులకి రాసుకునే మాట. ఫైలు మొదట్లో అలాంటి వరుస వేసి ఎవరు, ఏ తారీఖున సరిచూశారో రాయడం మంచి అలవాటు.

ఎత్తు దగ్గర జాగ్రత్త. వెయ్యి అడుగులు అంటే సముద్రం నుంచా, కాళ్ళ కింది నేల నుంచా? విశాఖ బీచిలో రెండూ ఒకటే. బిల్లింగ్ మీద నిలబడితే సముద్రం నుంచి దాదాపు ఎనిమిది వేల అడుగుల మీద ఉన్నాం. రెంటికీ ఎంత తేడా వస్తుందో పిల్లల చేత లెక్క కట్టించండి.

ఫైలు తయారయ్యాక తీగతో కోబోని కంప్యూటరుకి కలిపితే పెన్‌డ్రైవ్ లాగా తెరుచుకుంటుంది. అందులో ఎక్స్‌సీసోర్‌డేటా అనే ఫోల్డరులో ఫైలు వేయాలి. అక్కడితో అయిపోదు. వేసినంత మాత్రాన అది వాడదు. సెట్టింగుల్లోకి వెళ్ళి ఏ గగనతల ఫైలు చదవాలో చూపించాలి, పాతదాన్ని తీసేయాలి. మొదటిసారి ఫలానా వరుసలో తప్పుందని గొణిగింది. చూస్తే ఒక అక్షరం తప్పు కొట్టాం. సరిచేశాం, గీతలు పడ్డాయి, గగ్గల్ చుట్టూ వలయం కనపడింది. మాకు ఇంట్లో దీపం పెట్టినంత సంతోషం.

గురువు గారు ఆ వలయం నడిబిందువు మీద వేలు పెట్టి, "ఇక్కడేముంది?" అన్నారు. ఉపగ్రహ చిత్రంలో చూస్తే పొలాలు. రన్‌వే ఇంకా ఉత్తరాన ఉంది. రాసింది మళ్ళీ చదివాం. విమానాశ్రయం 32 డిగ్రీల 9 నిమిషాల 54 సెకన్ల దగ్గర ఉంది. 32, రెండు చుక్కలు, 09, రెండు చుక్కలు, 54 అని రాయాలి. మేం 09 తర్వాత ఒక్క చుక్కే పెట్టాం. అది కూడా పెట్టెకి తప్పు కాదు, ఎందుకంటే నిమిషాల్ని దశాంశాల్లో రాసే పద్ధతి కూడా అది ఒప్పుకుంటుంది. 9 నిమిషాల 54 సెకన్లు కాస్తా 9.54 నిమిషాలయింది. అంటే 9 నిమిషాల 32 సెకన్లు. ఉత్తర దక్షిణాల్లో ఒక సెకను సుమారు 31 మీటర్లు. మొత్తం వలయం 670 మీటర్లు దక్షిణానికి జరిగిపోయింది. అక్షరం తప్పితే అరిచిన పెట్టె, చుక్క తప్పితే నోరెత్తలేదు.

ఆ సీజనంతా మావాళ్ళు ఎగిరే ముందు వలయాల నడుముల మీద వేలు పెట్టి చూసుకునే పోయేవారు. ఇంకో సంగతి. హద్దు దగ్గరపడితే పెట్టె హెచ్చరిస్తుంది. మాటిమాటికీ హెచ్చరిస్తుంటే విసుగు రాకుండా, ఈ రోజుకి చాలు అని నోరు మూయించే మీట కూడా ఉంది. దాన్ని ముట్టుకోం అని ముగ్గురం ఒట్టు పెట్టుకున్నాం. ఒకడు తప్పాడు. అది వేరే కథ.

ఇంటికొచ్చింది ఇటుకల పండగకి. పెదనాన్న మనిషి సగమైపోయాడు. ఆయనది అటవీ హక్కుల పట్టా తగువు. తాతల నాటి నుంచీ చేస్తున్న చోడి చేను. 2006 చట్టం ప్రకారం, 2005 డిసెంబరు 13కి ముందు నుంచీ సాగులో ఉందని గ్రామసభ తీర్మానించింది, కొలిచారు, కాయితం కూడా ఇచ్చారు. కానీ పటం మీద గుర్తు పెడితే ఆయన భూమి గెడ్డ అవతల రాతిమెట్ట మీద పడుతోందట. అక్కడ చేనే లేదు గనక నీది దొంగ సాగు అని ఒక ఆఫీసులో అన్నారు. మూడుసార్లు తిరిగాడు. "నాను చేను మార్చలేదు. చేను నడిచెళ్ళిపోద్దేటి?" అని అడుగుతున్నాడు అందర్నీ.

ఆ కాయితం మా చేతికిచ్చాడు. నాలుగు మూలల కొలతలు. మొదటి మూల 18, చుక్క, 15, చుక్క, 30. అన్నీ ఒకటే చుక్కలు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కొలిచినవాడు 15 నిమిషాల 30 సెకన్లు అని రాసుంటాడు. ఆఫీసులో పటం మీద పెట్టినవాడు 15.30 నిమిషాలుగా చదివాడు. తేడా 12 సెకన్లు. 370 మీటర్లు దక్షిణానికి. మా చేను నుంచి దక్షిణంగా 370 మీటర్లు నడిస్తే ఏం వస్తుందో గూడెంలో చంటి పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు.

అయినా వట్టి మాట చెల్లదు కదా. కోబో పట్టుకుని, పెదనాన్నని వెంటబెట్టుకుని నాలుగు మూలలూ తిరిగాం. ప్రతి మూలకీ ఆయన ఒక గుర్తు చెప్పాడు. విప్పచెట్టు, పెద్ద పుట్ట, ఆయన అన్న పాతిన రాయి, గెడ్డ మలుపు. పెట్టె అంకెలు సెకన్లలో రాసుకున్నాం. నాలుగూ కాయితంతో సరిపోయాయి, చుక్కల్ని సెకన్లుగా చదివితే. రెండు పటాలు గీశాం, ఒకటి వాళ్ళు చదివినట్టు, ఒకటి చదవాల్సినట్టు. గ్రామసభలో పెట్టాం, తీర్మానంతో పైకి పంపాం. "ఏట్రా, ఒక్క సుక్కకేనా ఇంత?" అని పెదనాన్న ఆ రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. మళ్ళీ కొలవడానికి మనిషిని పంపుతామన్నారు. ఇది రాసే నాటికి రాలేదు. ఈ ఏడు చోళ్ళు మాత్రం చల్లాడు.

ఈ సంగతి విని, దగ్గరలోని ఆశ్రమ పాఠశాల మాస్టారు ఒక శనివారం రమ్మన్నారు. తొమ్మిదో తరగతి పిల్లలు అక్షాంశాలూ రేఖాంశాలూ గడగడా చెప్పారు. 82 డిగ్రీల 30 నిమిషాలు, మన దేశపు గడియారం దాన్నిబట్టే తిరుగుతుంది, మీర్జాపూర్ మీదుగా పోతుంది. ఆ గీత మన చింతపల్లికీ పాడేరుకీ మధ్య కొండల మీదుగా కూడా పోతుందని చెప్తే ఒక పిల్ల లేచి, "మరి పుస్తకంలో రాయలేదేం?" అంది. మాస్టారు మా వంక చూశారు, మేం మాస్టారి వంక చూశాం.

పిల్లలకి గగనతల ఫైలుతో పని లేదు, అందుకని స్థలాల ఫైలు తెరిచాం. పెట్టెలో పేర్లు పెట్టుకునేది వేరే ఫైలు. ఒక్కో చోటికి ఒక వరుస: పేరు, కొలతలు, ఎత్తు. దీని రాత మళ్ళీ వేరు. సెకన్లుండవు, నిమిషాల్ని దశాంశాల్లోనే రాయాలి, 30 సెకన్లంటే .500. ఈసారి పిల్లలు మాకంటే ముందే పట్టేశారు. బడి, సంత జరిగే చోటు, మూడు గెడ్డలు, ఏడు గూడేలు. తెలుగులో రాసి ఎక్కిస్తే పెట్టె ఖాళీ గళ్ళు చూపించింది, దానికి మన అక్షరాలు రావు. ఇంగ్లీషు అక్షరాల్లో రాద్దామన్నాం. అక్కడ మొదలైంది గొడవ. మా గూడేనికి రెండు పేర్లు, రికార్డులో ఉన్నదొకటి, మేం పిలుచుకునేది ఒకటి. పిలుచుకునే పేరే రాయాలని సగం మంది, అలా రాస్తే ఆఫీసులో ఒప్పుకోరని సగం మంది. అది తేలితే స్పెల్లింగ్ దగ్గర మళ్ళీ పేచీ. భోజనం గంట కొట్టినా ఎవరూ లేవలేదు.